నిండింది ఏ డిస్కు?

బ్యాకప్ సగంలో ఆగిపోయి, ‘డిస్కులో చాలినంత చోటు లేదు’ అన్న వాక్యం తెర మీద కనబడగానే మన దగ్గర అందరూ ఒకే మాట చెబుతారు. కంప్యూటర్లు బాగుచేసేవారు, ఆఫీసులో సిస్టమ్స్ చూసే కుర్రాడు, ఇంట్లో నాలుగు ముక్కలు తెలిసిన బావమరిది, ఎవరిని అడిగినా అదే జవాబు: ‘హార్డ్ డిస్క్ నిండిపోయిందండీ, పెద్దది తీసుకోండి.’ డబ్బు పెట్టడం ఇష్టం లేనివారి కోసం ఇంకో మందు కూడా సిద్ధంగా ఉంటుంది: ‘పాతవన్నీ డిలీట్ కొట్టేయండి.’ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల దగ్గర నుంచి మండల కేంద్రంలోని మొబైల్ షాపు దాకా చలామణిలో ఉన్నవి ఈ రెండే. చోటు లేదని కంప్యూటరే చెబుతున్నప్పుడు చోటు పెంచితే తప్పేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

తప్పు ఏమిటంటే, ఆ వాక్యం చోటు లేదని చెబుతుందే తప్ప ఎక్కడ లేదో సరిగ్గా చెప్పదు. బ్యాకప్ అన్నాక కాపీ తీసే డిస్కు ఒకటి, కాపీ చేరే డిస్కు ఒకటి ఉంటాయి. మధ్యలో తాత్కాలికంగా వాడుకునే జాగా ఉంటుంది. ఫైల్ సిస్టం పెట్టే హద్దులు, సాఫ్ట్‌వేర్ కంపెనీ లైసెన్సులో పెట్టే హద్దులు వేరే. వీటిలో ఏది నిండినా తెర మీద వచ్చే మాట ఇంచుమించు ఒకటే. ఆ మాట పట్టుకుని షాపుకు పరుగెత్తడం రోగం ఏ అవయవానిదో చూడకుండా మందు కొనడమే అవుతుంది.

విండోస్ సంగతి చూడండి. విండోస్ 7 కాలం నాటి ‘బ్యాకప్ అండ్ రిస్టోర్’ పనిముట్టు 10, 11లలో కూడా కంట్రోల్ ప్యానెల్లో పాత పేరుతోనే ఉంది. దానితో సిస్టం ఇమేజ్ తీయబోతే చాలామందికి ఎదురయ్యే ఎర్రర్ 0ఎక్స్80780119. నిల్వ చేసే చోట వాల్యూమ్ షాడో కాపీ తయారుచేయడానికి చాలినంత జాగా లేదన్నది దాని సారాంశం. ‘నిల్వ చేసే చోటు’ అనగానే చదివినవారి చూపు యూఎస్‌బీకి తగిలించిన ఎక్స్‌టర్నల్ డిస్కు మీదికి పోతుంది. అది 1 టీబీ డిస్కు, అందులో సగం ఖాళీ. అయినా చోటు లేదంటోంది కాబట్టి డిస్కే పాడైందని ఒకరు, 2 టీబీది కావాలని మరొకరు తీర్పు చెప్పేస్తారు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అసలు సంగతి బొమ్మ కట్టినట్టు కనబడుతుంది. కింది సగంలో డిస్క్ 0 ఎదురుగా పొడుగాటి పట్టీ. అందులో సింహభాగం సీ డ్రైవ్‌ది. దానికి ఎడమ పక్కన ఎవరూ పట్టించుకోని బుల్లి గడి ఒకటి: సిస్టం రిజర్వ్‌డ్, 100 ఎంబీ. కంప్యూటర్‌ను లేపే ఫైళ్ల కోసం విండోస్ 7 కట్టుకున్న గది అది. విండోస్ 8లో దాన్ని 350 ఎంబీకి, 10లో 500 ఎంబీకి పెంచారు. ఫార్మాట్ చేయకుండా అప్‌గ్రేడ్ మీద అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవారికి మాత్రం పాత 100 ఎంబీయే గతి.

నడుస్తున్న కంప్యూటర్లో ఫైళ్లు మారుతూనే ఉంటాయి. అందుకని షాడో కాపీ ఒకానొక క్షణాన్ని గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత మారబోయే ప్రతి బ్లాకు పాత రూపాన్నీ ఒక పక్కన దాస్తుంది. ఆ దాచుకునే జాగా మామూలుగా ఆ పార్టిషన్‌లోనే దొరకాలి. మైక్రోసాఫ్ట్ చెప్పే లెక్క ప్రకారం 500 ఎంబీ లోపు పార్టిషన్ అయితే కనీసం 50 ఎంబీ, అంతకు మించినదైతే 320 ఎంబీ ఖాళీ ఉండాలి. 1 జీబీ దాటితే 1 జీబీ ఖాళీ ఉండడం మంచిది. సిస్టం ఇమేజ్‌లో సీ డ్రైవ్ ఒక్కటే కాదు, ఈ బుల్లి గదీ భాగమే. 100 ఎంబీలో బూట్ ఫైళ్లు పోగా మిగిలిన కాస్త జాగాలో ఎన్‌టీఎఫ్‌ఎస్ తన మార్పుల చిట్టాను, అంటే యూఎస్‌ఎన్ జర్నల్‌ను, పదుల ఎంబీల మేర పరుచుకుంటే 50 ఎంబీ ఎక్కడ మిగులుతుంది? ఆ గడికి తాత్కాలికంగా ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, ఎఫ్‌ఎస్‌యుటిల్ కమాండుతో ఆ చిట్టాను తొలగిస్తే చాలాసార్లు బ్యాకప్ అక్కడికక్కడే నడిచిపోతుంది. ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు.

పెద్ద డిస్కు వాదం ఇక్కడ పూర్తిగా బోర్లా పడుతుంది. ఎక్స్‌టర్నల్ డిస్కు 8 టీబీది తెచ్చినా 100 ఎంబీ గది 100 ఎంబీగానే ఉంటుంది. పోనీ లోపలి డిస్కునే మార్చి, 500 జీబీ నుంచి 2 టీబీకి క్లోన్ చేయించారనుకుందాం. క్లోనింగ్ అంటే ఉన్నది ఉన్నట్టు దించడం కనుక, కొత్త డిస్కులోనూ ఎడమ పక్కన అదే గడి, అదే కొలతతో కూర్చుంటుంది. మర్నాడు అదే ఎర్రర్. పైన చెప్పిన లెక్కలో ఇంకో చమత్కారం ఉంది. 499 ఎంబీ పార్టిషన్‌లో 80 ఎంబీ ఖాళీ ఉంటే షాడో కాపీకి సరిపోతుంది. అదే పార్టిషన్‌ను 550 ఎంబీకి పెంచి 131 ఎంబీ ఖాళీ చూపించినా సరిపోదు, ఎందుకంటే ఇప్పుడు అడిగేది 320. చోటు పెంచినందుకే చోటు లేదనిపించుకునే పరిస్థితి ఇది. కొన్ని కంప్యూటర్లలో 500 ఎంబీ గీత దాటిన రికవరీ పార్టిషన్‌ను కాస్త కుదించడమే విరుగుడు కావడానికి కారణం ఇదే.

ఇలాంటి చోటు కొరతే 2024 జనవరిలో ఇంకో రూపంలో బయటపడింది. ఆ నెల 9న వచ్చిన కేబీ5034441 అనే విండోస్ 10 అప్‌డేట్ ఎక్కాలంటే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. అది లేని కంప్యూటర్లలో 0ఎక్స్80070643 అనే మామూలు ఇన్‌స్టాల్ ఎర్రర్ వచ్చింది. చోటు మాటే లేదు. చోటు చాలనప్పుడు ఇంకేదో చెప్పే సందేశాలు, ఇంకేదో జరిగినప్పుడు చోటు చాలదనే సందేశాలు, రెండూ ఒకే కంపెనీ సరుకులో దొరుకుతాయి. అలాంటి సందేశాన్ని అక్షరాలా నమ్మి డబ్బు ఖర్చుపెట్టాలనేవారిని ఏమనాలి?

లినక్స్ వాడేవారు తమకీ జబ్బు లేదనుకుంటారు. ఉంది. ఆర్‌సింక్‌తో బ్యాకప్ నడుస్తుండగా ‘పరికరంలో జాగా మిగల్లేదు’ అనే 28వ నంబరు ఎర్రర్ వస్తుంది. డీఎఫ్ కమాండు కొడితే 40 శాతం ఖాళీ కనిపిస్తుంది. అదే కమాండును మైనస్ ఐ తగిలించి కొడితే నూటికి నూరు నిండినట్టు తేలుతుంది. నిండినవి బ్లాకులు కావు, ఐనోడ్‌లు. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఫార్మాట్ చేసిన రోజే వాటి సంఖ్యను తేల్చేస్తుంది. రెండు, మూడు కేబీల ఈమెయిళ్లు, బొమ్మల తునకలు లక్షల్లో ఉన్న సర్వర్‌ను ఫైలుకు ఫైలుగా కాపీ చేస్తూ పోతే జాగా కంటే ముందే ఐనోడ్‌లు అయిపోతాయి. వాటిని ఒక్క టార్ ఫైలుగా కట్టి పంపితే అదే డిస్కులో హాయిగా పడుతుంది.

ఇంకో తరహా మోసం మరీ విచిత్రంగా ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్కు మౌంట్ కావాల్సిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది. కరెంటు పోయి వచ్చాకో, కేబుల్ వదులైనందుకో డిస్కు మౌంట్ కాలేదు. ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంది. రాత్రి రెండింటికి లేచిన బ్యాకప్ స్క్రిప్టుకు ఆ తేడా తెలియదు కాబట్టి ఆ ఫోల్డర్లోకే రాసుకుంటూ పోయింది. అంటే సర్వర్ తన కాపీని తన కడుపులోనే పోసుకుంది. తెల్లారేసరికి రూట్ డిస్కు నిండి, డేటాబేస్ ఆగి, ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఎవరో వచ్చి కేబుల్ సరిచేసి డిస్కును మౌంట్ చేస్తే ఇంకో చిక్కు. రాత్రి రాసినదంతా ఆ మౌంట్ కింద మరుగున పడిపోతుంది. జాగా ఎక్కడ పోయిందో ఎంత వెతికినా లెక్క తేలదు. అన్‌మౌంట్ చేసి చూస్తే తప్ప బయటపడని ఈ జబ్బుకు సర్వర్‌లో పెద్ద డిస్కు వేయించమని సలహా ఇచ్చినవారు ఉంటారు. స్క్రిప్టు మొదట్లో మౌంట్ అయిందో లేదో చూసే ఒక్క వరుస చాలు.

డిలీట్ కొట్టేయమనే రెండో మందు ఇంతకంటే ప్రమాదకరం. క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో 2021 డిసెంబరు 14 నుంచి 16 మధ్య జరిగింది అదే. బ్యాకప్ ప్రోగ్రాంలో పాత లాగ్ ఫైళ్లను తుడిచే భాగం ఒకటి ఉంది. యంత్రాన్ని సరఫరా చేసిన హెచ్‌పీఈ సంస్థ ఆ స్క్రిప్టును సవరించి, పాతది నడుస్తుండగానే దాని మీద కొత్తదాన్ని రాసింది. నడుస్తున్న స్క్రిప్టు మధ్యలోంచి మారిన పాఠం చదవడం మొదలెట్టింది. దాంతో ఏ ఫోల్డర్ తుడవాలో చెప్పే పేరు ఖాళీ అయిపోయి, లాగ్‌ల బదులు పరిశోధకుల ఫైళ్లు పోయాయి. 77 టీబీ, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు, 14 పరిశోధన బృందాలవి. కంచే చేను మేయడమంటే ఇదే. సూపర్ కంప్యూటర్ నిపుణుల చేతిలోనే ఇలా జరిగితే, సీ డ్రైవ్ ఎర్రబడిందని కంగారుపడి దొరికిన ఫోల్డర్‌కల్లా షిఫ్ట్ డిలీట్ కొట్టే గుమాస్తా చేతిలో ఏం కావాలి?

పైగా డిలీట్ చేసినంత మాత్రాన జాగా తిరిగి రావాలని లేదు. లినక్స్‌లో ఏదైనా ప్రోగ్రాం తెరిచి పెట్టుకున్న లాగ్ ఫైలును తొలగిస్తే పేరు పోతుంది కానీ, ఆ ప్రోగ్రాంను ఆపి మళ్లీ లేపేదాకా బ్లాకులు విడుదల కావు. మ్యాక్‌లో టైమ్ మెషీన్ లోపలి డిస్కులోనే గంటకొకటి చొప్పున తీసుకునే స్నాప్‌షాట్‌లు 24 గంటల దాకా పాత బ్లాకులను పట్టుకుని ఉంటాయి. చెత్తబుట్ట ఖాళీ చేసినా మీటర్ కదలడం లేదని ఇంకో పది జీబీ తుడిచేసేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అసలు తుడవడానికే జాగా కావలసి వస్తుంది. 2023 ఆగస్టు చివర్లో జపాన్‌లోని టొయోటా 14 ప్లాంట్లు, 28 అసెంబ్లీ లైన్లు నిలిచిపోయాయి. అంతకుముందు ఏడాది విడిభాగాల సరఫరాదారు మీద జరిగిన సైబర్ దాడితో ఇవే 14 ప్లాంట్లు ఆగి ఉండడంతో, అందరూ మళ్లీ హ్యాకర్లనే అనుమానించారు. సెప్టెంబరు 6న కంపెనీ ఇచ్చిన వివరణ వేరు. ఆగస్టు 27న నిర్వహణ పనుల్లో భాగంగా డేటాబేస్‌లో పోగైన డేటాను తొలగించి సర్దుతుండగా డిస్కులో చోటు చాలక ఎర్రర్ వచ్చింది. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లు ఆగాయి. బ్యాకప్‌కు మారదామంటే అవీ అదే సిస్టం మీద నడుస్తున్నందున అక్కడా అదే వైఫల్యం. జాగా చేద్దామని దిగిన పనిలోనే జాగా అయిపోయింది.

పెద్ద డిస్కు పక్షం వారు ఇక్కడ చప్పట్లు కొట్టవచ్చు. టొయోటా చివరికి డేటాను ఎక్కువ సామర్థ్యం గల సర్వర్‌కు మార్చే గండం గట్టెక్కింది కదా అని. నిజమే, 29న మార్చి, 30న ప్లాంట్లను నడిపించారు. అయితే అది ప్రథమ చికిత్స. అసలును, దాని బ్యాకప్‌ను ఒకే సిస్టం మీద కూర్చోబెట్టిన ఏర్పాటుకు ఎన్ని టీబీలు కలిపినా రెండూ ఒకేసారి నిండుతాయి, ఒకేసారి పడిపోతాయి. కంపెనీ తన వివరణలో నిర్వహణ పద్ధతులను సమీక్షిస్తామని చెప్పుకోవాల్సి వచ్చింది కూడా.

చిన్న వ్యాపారాల్లో ఈ కథ మరో విధంగా నడుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే హోల్‌సేల్ మందుల షాపు ఉందనుకోండి. డేటాబేస్ ఫుల్ రికవరీ మోడల్లో ఉంటే, ట్రాన్సాక్షన్ లాగ్‌కు విడిగా బ్యాకప్ తీసేదాకా ఆ లాగ్ లోపల జాగా మళ్లీ వాడకానికి రాదు. రోజూ డేటాబేస్ మొత్తానికి బ్యాకప్ తీస్తూ, లాగ్ బ్యాకప్ అన్నది ఒకటుందని తెలియకపోతే 3 జీబీ డేటాబేస్ పక్కన 90 జీబీ లాగ్ మేట వేయగలదు. అప్పుడు 9002 ఎర్రర్ వస్తుంది. అందులో లాగ్ బ్యాకప్ కోసమే ఆగి ఉన్నానని సర్వర్ ఇంత స్పష్టంగా చెబుతున్నా చదివేవారుండరు. డిస్కు నిండి బ్యాకప్ ఆగలేదు, బ్యాకప్ తీయక డిస్కు నిండింది. ఇక ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అయితే, 2008 ఆర్2 నుంచి 2022 దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ హద్దు పెట్టుకుంది. ఆ గీత తగిలిన రోజు ‘ఫైల్‌గ్రూప్ నిండింది’ అని 1105 ఎర్రర్ ఇస్తుంది. డిస్కులో 700 జీబీ ఖాళీగా ఉండనీ, దానికి పట్టదు.

పెద్ద డిస్కు పక్షానికి గట్టి వాదన ఒకటుంది. డిస్కులు చవక, తెలిసిన మనిషి గంటసేపు కూర్చుని కారణం వెతికే ఖర్చే ఎక్కువ, కాబట్టి వెతకడం మాని కొనెయ్యమంటారు. వినడానికి బాగానే ఉంది. రోజుకు 40 జీబీ చొప్పున పూర్తి బ్యాకప్ తీసి, ఏదీ తొలగించని షెడ్యూల్‌కు 1 టీబీ డిస్కు 25 రోజులు వస్తుంది, 2 టీబీ 50 రోజులు వస్తుంది. నాలుగు టీబీలు కొన్నవారు కూడా నాలుగో నెల నిండకుండానే మళ్లీ అదే వాక్యం చదువుతారు.

తొలగించే షెడ్యూల్ ఉన్నా చూడవలసింది దాని వరుస. చాలా ఏర్పాట్లలో ముందు కొత్త బ్యాకప్ రాసి, అది సవ్యంగా పూర్తయితేనే పాతదాన్ని తుడుస్తారు. తెలివైన వరుసే. కానీ ఏడు రోజులవి ఉంచుకోవాలంటే ఎనిమిది కాపీలకు చోటుండాలి, 40 జీబీ లెక్కన 320 జీబీ. 300 జీబీ ఉన్న చోట ఎనిమిదో రాత్రి బ్యాకప్ విఫలమవుతుంది. విఫలమైంది కనుక తుడిచే మెట్టు దాకా పోదు. తుడవలేదు కనుక మర్నాడూ చోటుండదు. ఎవరో ఒకరు వచ్చి చేత్తో విడిపించేదాకా ఆ బిగింపు వీడదు. ఈలోగా ఎన్ని రాత్రులు బ్యాకప్ లేకుండా గడిచాయో ఆ షాపు యజమానికి తెలియదు. చవక అన్నవారి లెక్కలో ఈ రాత్రుల ధర ఎప్పుడూ ఉండదు.

ఫోనుల్లోనూ ఇదే కిటుకు. ఐఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ తీయాలంటే ఆ బ్యాకప్ అసలు సైజుకు 2.05 రెట్లు ఐక్లౌడ్‌లోనూ, ఫోనులోనూ ఖాళీ ఉండాలని వాట్సాప్ చెబుతోంది. ఉచితంగా వచ్చే 5 జీబీలో 3 జీబీ బ్యాకప్ ఎందుకు ఎక్కడం లేదో అర్థంకాక తల పట్టుకునేవారికి జవాబు అదే. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ 2024 నుంచి గూగుల్ ఖాతాలోని 15 జీబీలోకి లెక్కకొస్తోంది. జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ పంచుకునేదీ ఆ 15 జీబీనే. కుటుంబం గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలు పేరుకుపోయి, ఒకరోజు ఉద్యోగం ఇంటర్వ్యూ మెయిల్ రాకుండా అడ్డుపడే దారి అదే. బ్యాకప్ సెట్టింగ్‌లో వీడియోలు కలపాలా అన్న మీట ఒకటుంది. దాన్ని ఆపకుండా నెలనెలా ప్లాన్ కొనుక్కుంటూ పోవడం క్లౌడ్ వ్యాపారులకే లాభం.

బ్యాకప్ ఆగిన కబురే అందకపోతే ఏమవుతుందో తెలియాలంటే పిక్సార్ సినిమా స్టూడియో ఉదంతం చెప్పుకోవాలి. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ పని మధ్యలో ఉండగా ఎవరో కొట్టిన తొలగింపు కమాండుతో సినిమా ఫైళ్లలో చాలా భాగం పోయింది. బ్యాకప్ ఉందిలే అనుకున్నారు. తర్వాత ఆ బృందంలోనివారు చెప్పినదాన్ని బట్టి, బ్యాకప్ ఫైలు 4 జీబీ గరిష్ఠ పరిమితిని తాకి ఆగిపోయింది. నిండిందని హెచ్చరించాల్సిన ఎర్రర్ లాగ్ కూడా ఆ నిండిన వాల్యూమ్‌లోనే ఉండడంతో అందులో ఒక్క అక్షరం పడలేదు. సైజు సున్నా. అప్పుడే బిడ్డను కని ఇంటి నుంచి పనిచేస్తున్న సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ ఇంట్లో కాపీ ఉండబట్టి సినిమా బతికింది. వాళ్లకు కావలసింది పెద్ద టేపు కాదు, ఇంకో చోట రాసే లాగ్. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో డేటాబేస్ పొరపాటున తుడుచుకుపోయినప్పుడూ ఇలాంటిదే తేలింది. రోజువారీ బ్యాకప్ ఎప్పటినుంచో విఫలమవుతున్నా, ఆ కబురు చెప్పాల్సిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతూ వచ్చింది. చివరికి ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్‌తో సర్దుకున్నారు.

మన కంపెనీలకు ఇది సరదా కబుర్ల విషయం కాదు. 2022 ఆగస్టులో కేంద్రం కంపెనీల అకౌంట్స్ నియమాలను సవరించి, ఎలక్ట్రానిక్ రూపంలోని లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను మన దేశంలో ఉన్న సర్వర్‌లో ప్రతిరోజూ ఉంచాలని పెట్టింది. అంతకుముందున్నది ‘అప్పుడప్పుడు’ అనే ధోరణి. విజయవాడలోనో వరంగల్‌లోనో నలుగురు ఉద్యోగులతో నడిచే ప్రైవేట్ లిమిటెడ్‌కు కూడా ఇది వర్తిస్తుంది. ఎనిమిదో రాత్రి బిగుసుకున్న షెడ్యూల్, అన్‌మౌంట్ అయిన డిస్కు, 4 జీబీ గీత, ఇవన్నీ ఆడిటర్ అడిగినప్పుడు బయటపడే తేదీలు.

పెద్ద డిస్కు కొనవలసిన రోజు రానే రాదని కాదు. పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియోలో సీజను తిరిగేసరికి డేటాయే పెరుగుతుంది, దానితోపాటు డిస్కూ పెరగక తప్పదు. టైమ్ మెషీన్ డిస్కు మ్యాక్ సామర్థ్యానికి కనీసం రెట్టింపు ఉండాలని యాపిల్ స్వయంగా చెబుతోంది. అయితే ఆ స్టూడియో కొన్న డిస్కు ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే, 4 జీబీ దాటిన ఒక్క వీడియో ఫైలు కూడా దానిలోకి ఎక్కదు, మిగతా డిస్కంతా ఖాళీగా ఉన్నా సరే. విండోస్‌కే వాడేదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌తో పంచుకునేదైతే ఎక్స్‌ఫ్యాట్. డిస్కులో ఒక్క ఫైలూ పడకముందే, కొన్న షాపు కౌంటర్ మీదే రెండు నిమిషాల్లో ఆ ఫార్మాట్ చేయించుకోవచ్చు.